తప్పెట లూప్‌ని గ్రిడ్‌కి సర్దాక ఊపు పోయింది, టెంపో ఎంత పెట్టాలి?

గాజువాక_బీట్
అందరికీ నమస్కారం. జానపద ఛాయ ఉన్న ఒక పాట చేస్తున్నాను. అనకాపల్లి దాటాక ఒక పల్లెలో జాతర జరుగుతుంటే, తప్పెట వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ళ జట్టుని అడిగి, వాళ్ళు సరేనన్నాక చిన్న రికార్డర్‌లో పట్టుకొచ్చాను. ఆ ఆడియో వింటే కూర్చున్నవాళ్ళకి కూడా కాలు ఆగదు. అందులోంచి ఒక ముక్క కోసి, మళ్ళీ మళ్ళీ తిరిగేలా లూప్ చేసి, టెంపో 92 (నిమిషానికి 92 బీట్లు) పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో బీట్‌కి నాలుగు గళ్ళ గ్రిడ్‌కి 100 శాతం క్వాంటైజ్ చేశాను, అంటే ప్రతి దెబ్బనీ దగ్గరి గీత మీదికి లాగించాను. కిక్, బేస్, షేకర్ కూడా అదే గ్రిడ్ మీద పెట్టాను. ఇప్పుడు ఒక్క దెబ్బ కూడా గీత తప్పడం లేదు. కానీ జాతరలో విన్న ఊపు మాత్రం లేదు. 96 పెట్టాను, 100 పెట్టాను. వేగం పెరుగుతోంది తప్ప ఊపు రావడం లేదు. ఇంకో వింత ఏంటంటే, సాఫ్ట్‌వేర్‌ని టెంపో కనిపెట్టమంటే 138 అంటోంది. నేను కాలు తట్టి చూస్తే 92 వస్తోంది. అసలు టెంపో ఎంత పెట్టాలి?

కిక్_స్నేర్
138 వదిలెయ్ బ్రో. నీ కాలు చెప్పిందే కరెక్ట్. 140 పాటని 70 అనడం, 70 పాటని 140 అనడం సాఫ్ట్‌వేర్లకి మామూలే.

లేట్‌నైట్_మిక్స్
138 అని ఊరికే రాలేదు. 92ని ఒకటిన్నరతో హెచ్చవేస్తే 138. అంటే ఆ తప్పెటలో బీట్‌కి మూడు దెబ్బలు పడుతున్నట్టుంది. నిమిషానికి 276 దెబ్బలు. సాఫ్ట్‌వేర్ వాటిని మూడేసి కాకుండా రెండేసి చొప్పున లెక్కపెడితే 138 వస్తుంది.

తమ్ముడూ, టెంపో జోలికి ఇప్పుడే వెళ్ళకు. ముందు ఒక పని చెయ్. ముట్టుకోని అసలు ఫైల్ తెరువు. బీట్ తల, అంటే బీట్ మొదలయ్యే చోటు, ఎక్కడ పడుతోందో కాలు తట్టి గుర్తుపెట్టుకో. తర్వాత వేవ్‌ఫార్మ్‌ని (తెర మీద కనిపించే శబ్దం గీతని) బాగా పెద్దది చేసి, ఆ తల నుంచి ఒక్కో దెబ్బ ఎన్ని మిల్లీసెకన్లకి మొదలవుతోందో కొలిచి ఇక్కడ పెట్టు. మూడు నాలుగు బీట్లు చాలు.

గాజువాక_బీట్
కొలిచాను అన్నా. మొదటి బీట్‌లో దెబ్బలు 0, 240, 445. రెండో బీట్‌లో 0, 250, 450. మూడో దాంట్లో 0, 238, 441. నిజంగానే బీట్‌కి మూడే ఉన్నాయి. వింటుంటే నాలుగు అనుకున్నాను, గజ్జెల చప్పుడు కూడా కలవడం వల్ల కావచ్చు.

లేట్‌నైట్_మిక్స్
దొరికింది. 60,000ని టెంపోతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 92కి 652. నువ్వు పెట్టిన గ్రిడ్ దాన్ని నాలుగు ముక్కలు చేస్తుంది కాబట్టి గీతలు 0, 163, 326, 489 దగ్గర ఉంటాయి. క్వాంటైజ్‌కి సంగీతం తెలియదు. దేనికి ఏ గీత దగ్గరగా ఉంటే దాన్ని అక్కడికి లాగుతుంది.

ఇప్పుడు నీ రెండో దెబ్బ చూడు. మొదటి బీట్‌లో అది 240 దగ్గర ఉంది. 163కి, 326కి సరిగ్గా మధ్య 245. 240 దానికి ఇవతల ఉంది కాబట్టి వెనక్కి, 163కి వెళ్ళిపోయింది. రెండో బీట్‌లో అదే దెబ్బ 250. అది 245 దాటింది కాబట్టి ముందుకి, 326కి పోయింది. మూడో బీట్‌లో 238, మళ్ళీ వెనక్కి. ఆ జట్టు వాయించినప్పుడు ఈ దెబ్బ బీట్‌కీ బీట్‌కీ మధ్య 12 మిల్లీసెకన్లకి మించి కదల్లేదు. సాఫ్ట్‌వేర్ సర్దాక అదే దెబ్బ 163 మిల్లీసెకన్లు అటూ ఇటూ గెంతుతోంది. మూడో దెబ్బ ఎప్పుడూ 489కే పోయింది. నీకు మిగిలింది వాళ్ళు వాయించిన వరస కాదు, ఎవరూ వాయించని వేరే వరస. దాన్ని 92లో పెట్టినా 100లో పెట్టినా అంతే.

ఎన్ఏడీ_కుర్రాడు
ఇది చదివాక నా పాత ప్రాజెక్టులన్నీ మళ్ళీ తెరవాలనిపిస్తోంది. అయితే గ్రిడ్‌ని ట్రిప్లెట్‌కి, అంటే బీట్‌కి మూడు గళ్ళకి, మార్చి మళ్ళీ 100 శాతం కొడితే సరిపోతుందా?

తిశ్రం
నేను ఎం.వి.పి. కాలనీలో పిల్లలకి మృదంగం చెబుతాను. కంప్యూటర్ పని నాకు తక్కువ తెలుసు, వాయింపు సంగతి చెబుతాను.

బాబూ, బీట్ ఎంత వేగంగా వస్తోందనేది ఒక సంగతి. రెండు బీట్ల మధ్య చోటుని ఎన్ని భాగాలు చేస్తున్నామనేది ఇంకో సంగతి. మేము తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అంటాం. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది. తాళం వేసే చెయ్యి కదలకుండా అదే వేగంలో ఉంచి, లోపల తకధిమి నుంచి తకిటకి మారితే వినేవాళ్ళకి పాట మొత్తం మారినట్టు అనిపిస్తుంది. బీట్ 80లో ఉందనుకోండి. చతురశ్రంలో అక్షరానికీ అక్షరానికీ మధ్య 187.5 మిల్లీసెకన్లు. తిశ్రంలో 250. 120 టెంపోలో బీట్‌కి రెండు చొప్పున వాయించినా అదే 250. కాబట్టి స్పీడ్ ఎంత అని అడిగితే ఒక్క అంకెతో జవాబు రాదు.

రికార్డింగ్ విన్నప్పుడు నడక ఏదో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. వేవ్‌ఫార్మ్ అక్కర్లేదు. బీట్ తల మీద తొడ తట్టుకుంటూ, నోటితో 'తకిట తకిట' అనండి. తర్వాత 'తకధిమి తకధిమి' అనండి. ఆ తర్వాత 'తకతకిట'. సరైనది అన్నప్పుడు నోరు దానంతటదే దొర్లుతుంది. కానిది అన్నప్పుడు ఎక్కడో ఒక అక్షరం మింగాల్సి వస్తుంది. తప్పెట విషయంలో నిమిషంలో తేలిపోతుంది.

ట్రిప్లెట్ గ్రిడ్ గురించి అడిగారు కదా. సమానమైన తిశ్రం అయితే 652ని మూడు చేస్తే దెబ్బలు 0, 217, 435 దగ్గర పడాలి. ఈ జట్టు 240, 445 దగ్గర వేస్తోంది. అంటే మొదటి దెబ్బ తర్వాత కొంచెం ఎక్కువ ఆగి, మిగతా రెండూ దగ్గరగా వేస్తున్నారు. మూడు బీట్లలోనూ అలాగే ఉంది కాబట్టి అది తడబాటు కాదు, వాళ్ళ పట్టు. దాన్ని 217కి లాగితే తిశ్రం మిగులుతుంది గానీ ఆ ఊరి వాయింపు మిగలదు.

మాడుగుల_తప్పెట
మాస్టారు చెప్పినది నూటికి నూరు పాళ్ళు నిజం. మా తాతయ్య తప్పెటగుళ్ళ జట్టులో ఆడేవారు. రేకు తప్పెట ఛాతీకి కట్టి ఉంటుంది, కాళ్ళకి గజ్జెలు. రెండు చేతులతో వాయిస్తూనే గుండ్రంగా తిరుగుతూ అడుగు వెయ్యాలి. అడుగు నేలని తాకే క్షణం, పైన చెయ్యి తప్పెటని తాకే క్షణం కలిసి కనబడతాయి గానీ ముందు అడుగే. తలదెబ్బ తర్వాత ఆ కాస్త ఆగడం ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారేటప్పుడు వస్తుందని మా తాతయ్య చూపించేవారు. కూర్చుని వాయిస్తే అది రాదు. ఊరికే నిలబడి వాయించినా రాదు.

ఇంకో మాట. ఆట నెమ్మదిగా మొదలవుతుంది, కథ నడిచేకొద్దీ వేగం అందుకుంటుంది. మీరు ముక్క కోసి లూప్ చేశారంటే ఆ ఎక్కడం కూడా పోయినట్టే. పూర్తి రికార్డింగ్‌లో టెంపో మొదట ఎంత, చివర ఎంత ఉందో చూశారా?

గాజువాక_బీట్
ఇప్పుడే చూశాను అన్నా. మొదట్లో 92, నాలుగు నిమిషాల తర్వాత 98కి దగ్గరగా ఉంది. వింటుంటే ఎక్కడా పెరిగినట్టు తెలియలేదు.

కిక్_స్నేర్
తెలియకూడదు కూడా. లైవ్‌లో మేమూ పల్లవికి వచ్చేసరికి ఒక బీపీఎం (నిమిషానికి ఒక బీట్), రెండు బీపీఎం ఎక్కుతాం. జనం దాన్ని ఊపు అనుకుంటారు, స్పీడ్ అనుకోరు. క్లిక్ (టెంపో చూపే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని వాయించినప్పుడు ఇది పోతుంది. అందుకే నేను ప్రాజెక్ట్‌లో టెంపో ట్రాక్, అంటే పాటలో ఎక్కడ ఎంత టెంపో ఉండాలో చూపే గీత, గీసుకుంటాను. చరణం 92, పల్లవి 93, చివరి పల్లవి 94. ఒక్కసారి గెంతించకుండా రెండు బార్ల (నాలుగేసి బీట్ల గుంపుల) మీదుగా ఏటవాలుగా ఎక్కించాలి.

కానీ క్వాంటైజ్ విషయంలో మాస్టారితో నాకు కొంచెం తేడా ఉంది. కిక్, బేస్ వచ్చి కూర్చునే పాటలో తప్పెటని పూర్తిగా వదిలేస్తే మిక్స్ చిందరవందర అవుతుంది. ట్రిప్లెట్ గ్రిడ్ పెట్టి స్ట్రెంగ్త్ 50, 60 శాతం కొడితే సగం దూరమే లాగుతుంది. పట్టు కొంచెం మిగులుతుంది, మిగతా వాయిద్యాలతో కలుస్తుంది కూడా.

లేట్‌నైట్_మిక్స్
నేను అలా కూడా చెయ్యను. సగం లాగితే 240 దెబ్బ 228 దగ్గరికి వస్తుంది. అది వాళ్ళ పట్టూ కాదు, సమానమైన తిశ్రమూ కాదు. తప్పెటే ఈ పాటకి ప్రాణం అయితే మిగతావే దాని వెంట రావాలి.

నేను చేసేది చెబుతాను. బీట్ తలల దగ్గర మాత్రమే వార్ప్ మార్కర్లు (ఆడియోలో ఒక చోటుని గ్రిడ్‌కి కట్టే గుర్తులు) పెడతాను. లోపలి రెండు దెబ్బల మీద చెయ్యి వెయ్యను. అప్పుడు తల గ్రిడ్ మీద ఉంటుంది, లోపలి నిష్పత్తి వాళ్ళదే ఉంటుంది. టెంపో మార్చినా ఆ నిష్పత్తి అలాగే సాగుతుంది. ఇంకా మంచిది కావాలంటే బీట్‌కి ఒకటి కాకుండా బార్‌కి ఒకటే మార్కర్. ఆ తర్వాత ఈ తప్పెట నుంచి గ్రూవ్ టెంప్లేట్, అంటే ఈ వాయింపు తీరు అచ్చు, తీస్తాను. ఏబుల్టన్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో గ్రూవ్ పూల్‌లోకి తీసుకోవచ్చు, లాజిక్‌లోనూ క్యూబేస్‌లోనూ ఇలాంటి సదుపాయం ఉంది. అందులో టైమింగ్‌తో పాటు ఏ దెబ్బ గట్టిగా, ఏది మెత్తగా అనేది కూడా వస్తుంది. ఆ టెంప్లేట్‌ని షేకర్‌కి, బేస్‌కి వెయ్యాలి. కిక్ మాత్రం తలల మీదే ఉంటే చాలు. కిక్ ఎంత తక్కువ కొడితే తప్పెట అంత వినబడుతుంది.

ఇంకొకటి, ఒకే దెబ్బ జట్టులో అందరిదీ ఒకే క్షణంలో వినబడదు. గాలిలో శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. వలయం అవతల 10 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళ దెబ్బ నీ మైక్‌కి 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ పలచటి వెడల్పు వల్లే అది గుంపు వాయిస్తున్నట్టు వినబడుతోంది. దాన్ని శుభ్రం చేద్దామని ట్రాన్సియెంట్లు (దెబ్బ మొదట్లో వచ్చే పదును) కోసి అతికిస్తే ఒక్కరు వాయించినట్టు అయిపోతుంది.

కిక్_స్నేర్
ఒప్పుకుంటున్నాను అన్నా. తప్పెట ముందుండే పాటకి నీ పద్ధతే నయం. నాది డ్రమ్ కిట్ ముందుండే పాటలకి.

ఎన్ఏడీ_కుర్రాడు
మరి స్వింగ్ నాబ్ (ఒక నోటు విడిచి ఒకటి ఆలస్యం చేసే సెట్టింగ్) సంగతేంటి? నేను అన్నిటికీ 58 పెడుతున్నాను.

లేట్‌నైట్_మిక్స్
స్వింగ్ అనేది యంత్రంలోకి వచ్చింది రోజర్ లిన్ డ్రమ్ మెషీన్‌తో, 1980లో వచ్చిన ఎల్ఎం-1తో. ఆయనే తర్వాత అకాయ్ కంపెనీతో కలిసి ఎంపీసీ అనే బీట్ మెషీన్ చేశారు. దాంట్లో 50 అంటే రెండు నోట్లు సమానం. 66 దగ్గర మొదటిది రెండు వంతులు, రెండోది ఒక వంతు, అంటే ట్రిప్లెట్ నడక. మధ్యలో ఉన్నవన్నీ ఈ రెంటి నడుమ చోట్లు.

కానీ అది శాతం. శాతం ఒకటే అయినా టెంపోని బట్టి కదిలే దూరం మారుతుంది. 92లో 58 పెడితే బీట్‌లోని రెండో, నాలుగో ముక్కలు సుమారు 26 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడతాయి. 140లో అదే 58కి 17 మాత్రమే. నెమ్మది పాటలో బద్ధకంగా అనిపించే సెట్టింగ్ వేగం పాటలో వినబడనే వినబడదు. అందుకే పాత పాటలో బాగుందని అంకె మోసుకురాకూడదు. పైగా స్వింగ్ నాబ్ బీట్‌ని నాలుగు చేసే వరసలకి పనికొస్తుంది. బీట్‌కి మూడే దెబ్బలున్న ఈ తప్పెటకి దానితో పని లేదు.

అమెరికన్ హిప్‌హాప్ నిర్మాత జె డిల్లా ఎంపీసీ 3000 మీద చేసిన పనిని చెవి పెట్టి వినండి. హైహ్యాట్ ఒక చోట, స్నేర్ కొంచెం ముందు, కిక్ ఇంకో చోట. అన్నిటికీ ఒకే స్వింగ్ ఉండదు. ఒక వాయిద్యం నిలకడగా ఉంటేనే ఇంకోటి జారడం తెలుస్తుంది. అన్నీ ఒకేలా జారితే ఏదీ జారినట్టు ఉండదు.

ఎన్ఏడీ_కుర్రాడు
ఇంకో ప్రశ్న అన్నా. నా వోకల్ ఎప్పుడూ లేటుగా వస్తుంది. ఫీల్ బాగాలేదని పాడే అమ్మాయితో మళ్ళీ మళ్ళీ పాడిస్తున్నాను.

లేట్‌నైట్_మిక్స్
ఆమె వింటున్నది బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లోనా?

ఎన్ఏడీ_కుర్రాడు
అవును.

లేట్‌నైట్_మిక్స్
తీసెయ్. బ్లూటూత్‌లో ఆలస్యం 100, 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. ట్రాక్ ఆమెకి ఆలస్యంగా వినబడుతుంది, ఆమె దానికి సరిగ్గా పాడుతుంది, రికార్డ్ అయ్యేసరికి వెనకబడుతుంది. వైర్ హెడ్‌ఫోన్ పెట్టు. బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పట్టుకునే శబ్దం ముక్క) కూడా తగ్గించు. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిల్ బఫర్ అంటే 5 మిల్లీసెకన్ల పైచిలుకు, అదీ ఒక వైపు. మైక్ తగిలించే ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్‌కి వెళ్ళకుండానే గొంతు వినిపించే సదుపాయం) ఉంటే ఆమె గొంతు ఆమెకి అందులోంచే వినిపించు. ఎవరి ఫీల్ గురించైనా మాట్లాడే ముందు ఈ ఆలస్యాలు తేల్చుకోవాలి. పాపం ఆ అమ్మాయి బాగానే పాడుతూ ఉంటుంది.

పల్లవి_చరణం
తాళం గురించి ఇంత మాట్లాడారు, మాట గురించి ఎవరూ ఎత్తలేదు. నేను పాటలు రాస్తాను, పాడతాను. టెంపో నిర్ణయించాల్సింది సాహిత్యం నోట్లో తిరిగే తీరుని బట్టి అని నా గట్టి నమ్మకం. ట్రాక్ ఏమీ లేకుండా పల్లవి మొత్తం పాడి, చేత్తో తట్టి, ఆ టెంపో రాసుకోవాలి. తర్వాతే ప్రాజెక్ట్ తెరవాలి. ముందు 92 అని పెట్టేసి మాటల్ని అందులో కుక్కితే దీర్ఘాలు పొట్టివవుతాయి, పొట్టి అక్షరాలు సాగుతాయి. ఊపిరి తీసుకునే చోటు ఉండదు.

తమ్ముడూ, నీ చరణం ఏ నడకలో ఉంది? లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు చొప్పున ఒక పాదం లెక్కపెట్టి చెప్పు.

గాజువాక_బీట్
లెక్కపెట్టాను అక్కా. పాదానికి 14 వస్తోంది. మూడు, నాలుగు, మూడు, నాలుగుగా విరుగుతోంది.

పల్లవి_చరణం
అది మన గురజాడ అప్పారావు గారి ముత్యాల సరం నడక. 3, 4, 3, 4, మొత్తం 14 మాత్రలు. మిశ్ర గతి. నాలుగు బీట్ల బార్‌లో, బీట్‌కి నాలుగు మాత్రల చొప్పున పెడితే 16 మాత్రల చోటు ఉంటుంది. నీ పాదం 14. ఆ రెండు మాత్రల ఖాళీ పూడ్చడానికి ప్రతి పాదం చివర ఏదో అక్షరాన్ని సాగదీస్తూ ఉంటావు. పాడేవాళ్ళకి ప్రతిసారీ అక్కడ కాలు జారుతుంది. పల్లవి తిశ్రంలో తప్పెట మీద ఉండనీ. చరణానికి టైమ్ సిగ్నేచర్ 7/8కి (బార్‌కి ఏడు మాత్రలు) మార్చి, క్లిక్‌లో మొదటి మాత్ర మీద, నాలుగో మాత్ర మీద గట్టి శబ్దం పెట్టుకో. తకిట తకధిమి అని వినబడాలి. మామూలు క్వార్టర్ నోట్ క్లిక్ (రెండు మాత్రలకి ఒకటి) ఉంచితే ఒక బార్‌లో తల మీద, తర్వాతి బార్‌లో తలకి పక్కన పడి పాడేవాళ్ళని తికమక పెడుతుంది.

తిశ్రం
చాలా బాగా చెప్పారమ్మా. ఒక్కటి కలుపుతాను. తిశ్రం నుంచి మిశ్రంలోకి వెళ్ళేటప్పుడు అక్షరం వేగం ఒకటిగా ఉంచితే అతుకు తెలియదు. తప్పెటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య సగటున 217 మిల్లీసెకన్లు కదా. చరణంలో ఒక మాత్ర కూడా అంతే ఉండాలి. తకిట అలాగే ఉంటుంది, దాని పక్కన తకధిమి వచ్చి చేరుతుంది, అంతే.

లేట్‌నైట్_మిక్స్
అంటే సాఫ్ట్‌వేర్‌లో చరణానికి టెంపో 138. మాత్రని ఎయిత్ నోట్‌గా, అంటే అర బీట్‌గా, తీసుకుంటే 138లో అది 217 మిల్లీసెకన్లు. మొదట్లో సాఫ్ట్‌వేర్ చూపించిన అంకె ఇక్కడ పనికొచ్చింది చూడండి.

ఇంకో చిన్న జాగ్రత్త. టెంపో ట్రాక్ కదులుతున్నప్పుడు డిలేలని (ప్రతిధ్వని ఎఫెక్ట్‌లని) మిల్లీసెకన్లలో పెట్టకుండా టెంపోకి సింక్ చేసుకో. అలాగే వయొలిన్ ప్యాడ్ లాంటి మెల్లగా పుట్టే శబ్దాలు గ్రిడ్ మీద ఉన్నా లేటుగా వినబడతాయి. వాటిని చెవికి సరిపోయేదాకా ముందుకి జరుపు, గీత చూడకు. బేస్ నోటు ఎక్కడ మొదలవుతోందో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగుతోందో కూడా అంతే ముఖ్యం. మూడో దెబ్బకి ముందే బేస్ ఆపేస్తే ఆ దెబ్బకి చోటు దొరుకుతుంది.

గాజువాక_బీట్
అందరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ చేశాను. తప్పెట మీద తలలకే మార్కర్లు, కిక్ తలల మీద, బేస్‌కి టెంప్లేట్. పల్లవి 92లో మొదలై చివరికి 95. చరణం 7/8లో, మాస్టారు చెప్పినట్టు అక్షరం వేగం మార్చకుండా. నిన్న రాత్రి తెలిసిన ఆటో అన్న బండిలో పెట్టి విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ నుంచి గాజువాక దాకా విన్నాం. ఏమీ చెప్పకముందే ఆయన స్టీరింగ్ మీద తప్పెట మూడో దెబ్బ కొడుతున్నాడు. ఫైల్ పెట్టాను, వినండి.

మాడుగుల_తప్పెట
విన్నాను. ఇంట్లో అమ్మ కూడా విన్నది. ఆ తలదెబ్బ తర్వాత ఆగడం వచ్చేసింది. జట్టు వాళ్ళకి కూడా పంపండి, వాళ్ళ పేర్లు వెయ్యండి.

తిశ్రం
చాలా సంతోషం. రెండో పల్లవిలో షేకర్ ఇంకా తకధిమి అంటోంది, వినండి. పైన తప్పెట తకిట అంటుంటే అది అడ్డం పడుతోంది.

గాజువాక_బీట్
అవును మాస్టారూ, పాత క్లిప్ అక్కడ ఉండిపోయింది. టెంప్లేట్ వేసి మార్చాను. జట్టు పెద్దాయనతో కూడా మాట్లాడాను. వాళ్ళ పేర్లన్నీ పాట వివరాల్లో వేస్తున్నాను. కొత్త ఫైల్ అదే లింక్‌లో ఉంది.